తాతయ్య స్టాంపులకు చిల్లులు

హెచ్‌ఆర్‌ఏ కోసం ఆఫీసులో అద్దె రసీదు ఇచ్చేవాళ్లకి రెవెన్యూ స్టాంపు తెలిసే ఉంటుంది. రూపాయి స్టాంపు అంటించి, సంతకం సగం దాని మీద, సగం కాగితం మీద పడేలా ఓనర్‌గారితో పెట్టిస్తాం. ఎందుకలా అడ్డంగా పెట్టాలి? నేనెప్పుడూ అడగలేదు. మొన్న ఇల్లు మారుతుంటే ఒక పాత కవరు దొరికి, తెలుసుకోవాల్సి వచ్చింది.

ఆ కవరు కథ ఎనిమిదో క్లాసు నాటిది. అప్పట్లో నాకు స్టాంపుల పిచ్చి. అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఇనప తీగకి గుచ్చిన రసీదుల కట్ట కనిపించింది. అన్నీ తాతయ్యవి. ఒక్కోదాని మీద ఐదో జార్జి బొమ్మతో అణా స్టాంపు. నేను పుట్టకముందే తాతయ్య పోయారు. ఇంట్లో ఆయన గురించి చెప్పుకునేది ఒకటే మాట, "కాకినాడలో దొరల కంపెనీలో గుమాస్తా" అని. ఏ కంపెనీ అంటే ఎవరికీ గుర్తులేదు.

నేనేం చేశానంటే, స్టాంపుల చుట్టూ చింపేసి గిన్నెలో నానబెట్టా. ఊడొచ్చాక పాత పేపరు మీద ఆరబెట్టా. మిగిలిన రసీదులన్నీ నీళ్ల పొయ్యిలోకి వెళ్లాయి. సుమారు నలభై స్టాంపులు వచ్చాయి. కొన్నిటికి సన్నటి చిల్లులున్నాయి. పురుగు కొట్టిందనుకుని వాటిని కవర్లో పడేసి, మంచివి ఫ్రెండ్స్‌తో మార్చుకున్నా. ఆ పురుగు కొట్టినవే ఇప్పుడు మిగిలాయి. పదకొండు.

ట్యూబ్‌లైట్‌కి ఎత్తి పట్టుకుంటే చిల్లులు కాస్తా ఇంగ్లీషు అక్షరాలయ్యాయి!

వీటిని పెర్ఫిన్లు అంటారు. కంపెనీ పొడి అక్షరాలని సూదుల మెషీన్‌తో స్టాంపులో గుచ్చడం అన్నమాట. లండన్‌లో జోసెఫ్ స్లోపర్ అనే ఆయన మెషీన్ చేస్తే, 1868లో అక్కడి పోస్టాఫీసు ఒప్పుకుంది. కారణం దొంగతనం. స్టాంపంటే దాదాపు చిల్లర డబ్బే కదా, ఆఫీసు సొరుగులోంచి జేబులోకి వెళ్తే ఎవరిదని పట్టుకుంటారు? మన దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. 1906లో అరణా, అణా స్టాంపుల మీద 'పోస్టేజ్ అండ్ రెవెన్యూ' అని వేశారు. ఉత్తరానికీ రసీదుకీ ఒకటే స్టాంపు. ఆఫీసు రసీదు పుస్తకం కోసం కొన్నది గుమాస్తాగారి ఇంటి ఉత్తరం మీదకి ఎక్కినా ఎవరికీ తెలీదు. అక్షరాలు గుచ్చి ఉంటే తెలిసిపోతుంది.

చదవడం మాత్రం అంత వీజీ కాదు. స్టాంపుని నల్ల కాగితం మీద పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేయండి. అక్షరాలు తిరగబడి కనిపిస్తే కంగారు పడొద్దు. షీటుని మడిచి గుచ్చేవాళ్లు కాబట్టి సగం స్టాంపులకి అద్దంలో బొమ్మలా వస్తాయి. ఫోన్‌లోనే ఫ్లిప్ చేస్తే సరి. నాకు 'పి అండ్ కో' అని వచ్చింది. ఇంకేముంది, ఎగిరి గంతేశా. చెన్నైలో ప్యారీస్ కార్నర్ తెలుసుగా? 1788లో మొదలైన ఆ ప్యారీ అండ్ కోలో మా తాతయ్య గుమాస్తా అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశా కూడా. పద్నాలుగు లైకులు.

మర్నాడు మిగతా పది చూశా. తొమ్మిదో స్టాంపులో ఆ 'పి' కింద వంకరగా ఇంకో మూడు చిల్లులున్నాయి. అంటే అది 'ఆర్'. లేకపోతే 'బి'. మెషీన్‌లో సూది విరిగితే 'బి' కాస్తా 'పి' అవుతుంది, 'ఇ' కాస్తా 'ఎఫ్' అవుతుంది. అందుకే ఒక్క స్టాంపు చూసి పేరు పెట్టేయకూడదట. చిల్లులు లెక్కపెట్టాలి, అక్షరం ఎత్తు మిల్లీమీటర్లలో కొలవాలి, అదే అచ్చు ఉన్న ఇంకో స్టాంపుతో పోల్చాలి. ఇన్ని చేసినా పేరు తేలేది స్టాంపు అంటించిన కాగితం మీదే. నా కాగితాలు ఎక్కడికెళ్లాయో చెప్పాగా.

గ్రూపులో మెసేజ్ డిలీట్ చేశా. అప్పుడే సామర్లకోట నుంచి పిన్ని ఫోన్ చేసింది. తాతయ్య ఫొటో ఫ్రేము వెనక అట్టకి ఆసరాగా ఒక రసీదు పెట్టి ఉందట. వాట్సాప్‌లో పంపింది. ఫ్రేము సైజుకి కత్తిరించడంతో కంపెనీ పేరున్న పైభాగం పోయింది! కానీ స్టాంపు ఉంది, చిల్లులున్నాయి. "పిన్నీ, కాగితం వెనక్కి తిప్పి చూడు, చిల్లులు పడ్డాయా?" అన్నా. లేవంది. అంటే అంటించాక పొడిచినవి కావు. రసీదు మొత్తాన్ని రద్దు చేయడానికి పొడిస్తే చిల్లులు కాగితంలోంచి కూడా పోతాయి. ఇవి కంపెనీ ముందే గుచ్చి పెట్టుకున్న సొంత స్టాంపులు.

ఆ మాట నోటితో అంటుంటేనే నాకు తట్టింది. 1899 స్టాంపు చట్టం ప్రకారం స్టాంపు వేసిన రసీదు ఇవ్వాల్సింది డబ్బు పుచ్చుకున్నవాళ్లు. స్టాంపు మళ్లీ పనికిరాకుండా దాని మీద పేరో పొడి అక్షరాలో తేదీతో రాయమన్నది కూడా ఆ చట్టమే. మన అడ్డ సంతకం అక్కడిదే. రసీదు ఉండేది డబ్బు కట్టినవాళ్ల దగ్గర. కంపెనీ స్టాంపున్న రసీదులు మా ట్రంకు పెట్టెలో ఉన్నాయంటే, కంపెనీ తాతయ్యకి జీతం ఇచ్చినట్టు కాదు. తాతయ్యే కంపెనీకి కట్టారు. పిన్ని పంపిన ఫొటోలోనూ అదే ఉంది, 'ముప్పై రెండు రూపాయలు, ఖాతా కింద ముట్టినది' అని ఇంగ్లీషులో. ఆ రోజుల్లో ఇరవై రూపాయలు దాటితేనే అణా స్టాంపు. నా దగ్గరున్న పదకొండూ ఆ కంపెనీవే అనుకున్నా, 220 పైమాటే.

సరుకు కొన్నారా, అప్పు తీర్చారా? ఆ రసీదులో లేదు.

అమ్మకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆగా. చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గుమాస్తా అని అమ్మ చెప్పేదిరా. నాన్న ఎప్పుడూ చెప్పలేదు" అంది. ఇంకాసేపాగి, "కట్టేశాడుగా" అంది.

పిన్ని ఆదివారం ఫ్రేము తెస్తోంది. ఆ రసీదుని మాత్రం నానబెట్టను.