ఆసుపత్రుల్లో కరోనా: ఎక్కువగా సోకింది ఎవరికి?

బ్రిటన్‌లోని తెలుగు కుటుంబాల్లో ఎన్.హెచ్.ఎస్.లో పనిచేసే డాక్టరో, నర్సో, ఫార్మసిస్టో ఉన్న ఇళ్ళు తక్కువేమీ కాదు. అందుకే ఆసుపత్రి సిబ్బందికి కరోనా ఎంతగా సోకిందన్నది మనకు ఇంటి సంగతే.

2020 వేసవిలో ఇంగ్లండులో జరిగిన రియాక్ట్-2 సర్వేలో పెద్దవారిలో 6 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. రోగులతో నేరుగా మెలిగే ఆరోగ్య సిబ్బందిలో అది సుమారు 12 శాతం. అంటే రెట్టింపు.

ప్రమాదమంతా ఐ.సి.యు.లోనే అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. లెక్కలు వేరుగా చెప్పాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ ఆసుపత్రుల్లో, ఏ లక్షణాలూ లేకుండా డ్యూటీలో ఉన్న 516 మందిని పరీక్షిస్తే, 24 శాతం మందికి అప్పటికే వైరస్ సోకి పోయినట్టు తేలింది. హౌస్‌కీపింగ్ సిబ్బందిలో ఇది 34.5 శాతం, ఐ.సి.యు.లో 15 శాతం లోపే!

ఆక్స్‌ఫర్డ్ ఆసుపత్రుల్లో పదివేలమందికి పైగా పరీక్షిస్తే 11.2 శాతం మందికి సోకినట్టు తేలింది. కోవిడ్ వార్డుల్లో పనిచేసినవారిలో 22.6 శాతం, మిగతా చోట్ల 8.6 శాతం. అన్నిటికంటే పెద్ద ముప్పు మాత్రం ఇంట్లో ఒకరికి కరోనా రావడమే. పోర్టర్లకు, క్లీనర్లకు కూడా ముప్పు ఎక్కువే. కోవిడ్ వార్డుల్లో చేశారా లేదా అన్నది లెక్కలోకి తీసుకున్నా, ఆసియా, నల్లజాతి సిబ్బందికే ఎక్కువగా సోకింది.

ఐ.సి.యు.లో ఎందుకు తగ్గింది? అక్కడివారికి ముఖానికి బిగుతుగా అమరే ఎఫ్.ఎఫ్.పి.3 మాస్కులు ఇచ్చారు. మామూలు వార్డుల్లో చాలాచోట్ల సర్జికల్ మాస్కులే. తేడాకు ఇదొక్కటే కారణమని చెప్పలేం కానీ, కేంబ్రిడ్జ్‌లోని ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి అనుభవం గమనించదగ్గది. 2020 డిసెంబరులో కోవిడ్ వార్డుల సిబ్బందికీ ఎఫ్.ఎఫ్.పి.3 మాస్కులు ఇచ్చాక, అక్కడి ఇన్ఫెక్షన్లు దాదాపు ఇతర వార్డుల స్థాయికి దిగివచ్చాయి.

2020 జనవరి నుంచి 2021 మే వరకు ప్రపంచవ్యాప్తంగా 80 వేల నుంచి 1 లక్షా 80 వేల మంది ఆరోగ్య సిబ్బంది కరోనాతో మరణించి ఉంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బ్రిటన్‌లో తొలుత మరణించిన పదిమంది డాక్టర్లూ శ్వేతజాతేతరులే.

ఆ ఏడాది పది గురువారాలు దేశమంతా గుమ్మాల్లో నిలబడి వారికోసం చప్పట్లు కొట్టింది. ఆ గౌరవం మంచిదే. కానీ చప్పట్లు వైరస్‌ను ఆపవు. ఈసారి మహమ్మారి వచ్చేనాటికి డాక్టరుకూ, నేల తుడిచే మనిషికీ ఒకే రకం మాస్కు సిద్ధంగా ఉంటుందా? మనవాళ్ళు తమ ఆసుపత్రి యాజమాన్యాన్ని ఇప్పుడే అడగవలసిన ప్రశ్న ఇది.