రాజీనామా తేదీ ఏది?

మా వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల సంపుటం తిరగెయ్యాలంటే రెండు చేతులూ కావాలి. ఒకటి పేజీ తిప్పుతుంటే రెండోది కింద ఆసరాగా పట్టాలి. లేదంటే అంచు అప్పడంలా విరిగి ఒళ్లో పడుతుంది. మొన్న 1959 సంపుటం ముందేసుకుని కూర్చున్నాను, రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారి కోసం.

అరుగు మీద పార్టీల గోడ దూకుళ్ల గురించి వాదన వస్తే, ‘మీ రంగా దూకలేదా మావయ్యా?’ అన్నాడు మా మేనల్లుడు.

దూకారు. నిడుబ్రోలు మనకెంత దూరమని! చేనేత ఆర్థికం మీద 1930లోనే పుస్తకం రాసినాయనని మగ్గం గుంటలో కూర్చుని మా నాన్న చెబుతుండేవాడు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సహకార సేద్యానికి తీర్మానం చేసింది. రైతు చేతిలోంచి భూమి జారిపోతుందని రంగా ఎదురు తిరిగి, పార్లమెంటరీ పార్టీలో పదవి వదిలేశారు. నెహ్రూ మాటకు తిరుగులేని రోజులవి. అవతల కుర్చీ వేసి పిలిచినవాళ్లు లేరు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టుకున్నారు.

జర్మనీలో ఇలాంటివాడే కార్ల్ గోర్డెలర్, లైప్‌జిగ్ మేయరు. పక్కా సంప్రదాయవాది. హిట్లర్ హయాంలో ధరల కమిషనరుగానూ పనిచేశాడు, అది దాచనక్కర్లేదు. 1936 నవంబరులో ఆయన ఊళ్లో లేనప్పుడు సంగీతకారుడు మెండెల్సన్ విగ్రహాన్ని నాజీలు పెకలించారు, యూదు ఇంట పుట్టాడని. మళ్లీ నిలబెట్టమన్నాడు. వినలేదు. 1937లో మేయరుగిరీ వదిలేశాడు. తర్వాత హిట్లర్‌ని దించే కుట్రలో చేరి, 1945 ఫిబ్రవరి 2న మరణశిక్షకు గురయ్యాడు. విగ్రహం కోసం కుర్చీ వదలడం! మన దగ్గర కుర్చీ ఎక్కేదే విగ్రహాలు పెట్టడానికీ, పీకడానికీ.

రంగా గురించి నాన్న చెప్పనిది ఒకటుంది. 1970లలో రంగా కాంగ్రెస్ గూటికే తిరిగి వెళ్లారు. ఎమర్జెన్సీలో ఆయన ఇందిర వైపే. స్వతంత్ర పార్టీలో ఆయన వెంట నడిచిన గౌతు లచ్చన్న జైలుకెళ్లారు. ఇక్కడ మేనల్లుడికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. 1959 నాటి రంగాకి మాత్రం ఇప్పటికీ దణ్ణం పెడతాను.

విలేఖరులకు ఒక మనవి. ఎవరైనా కండువా మారిస్తే ఫొటో చిన్నదెయ్యండి. పాత పదవికి రాజీనామా ఇచ్చిన తేదీ, కొత్త పదవి పుచ్చుకున్న తేదీ పక్కపక్కనే వెయ్యండి. రాజీనామాయే ఇవ్వకపోతే ఆ చోటు ఖాళీగా వదిలెయ్యండి.