కంచె మేసిన చేలు

కంచే చేను మేసినట్లు అను సామెత మనకు క్రొత్తది కాదు. దేహమునకు కావలి కాయవలసిన రోగనిరోధకశక్తియే దారితప్పి, ఆ దేహము మీదనే తిరుగబడు వ్యాధులు కొన్ని కలవు. చేతివ్రేళ్లను వంకరలు త్రిప్పు రుమటాయిడ్ కీళ్లవాతము, చర్మము మొదలు మూత్రపిండముల వరకు దేనినైనను పట్టి పీడించు లూపస్ ఈ జాతివే. ఇవి మొదలంట పోవునవి కావు, మందులతో అదుపులో నుండును. ఆ మందులలో పెక్కు చేయు పని హద్దుమీరిన కావలిని కొంత అణచియుంచుటయే.

2020లో కోవిడ్ వచ్చిపడినప్పుడు ఈ రోగుల మనస్సులోని ఆందోళన యెట్టిదో మనము సరిగా వినలేదు. మందు మ్రింగినచో క్రొత్త రోగమునకు తలుపు తీసినట్లగునేమో! మానినచో పాత రోగము విజృంభించును. చిరకాలము స్టీరాయిడ్ మాత్రలు వాడినవారు వానిని హఠాత్తుగా మానుట ప్రాణాపాయకరము కూడ. ఊరంతకు ఒక భయముండగా వీరికి రెండు. ఇది చాలదన్నట్లు, రోగనిరోధకశక్తిని పెంచుకొనుడని ఇంటింట ఉపదేశములు, కషాయపు గ్లాసులు. ఆ శక్తి పెడదారి పట్టుటయే తమ రోగమని వారెవ్వరికి నచ్చజెప్పగలరు? ‘పోయినవారికి వేరే జబ్బులు కూడ ఉన్నవట’ అని మనము రచ్చబండల యొద్ద ఊరడిల్లితిమి. ఆ మాట మంచము మీదనున్నవారి చెవిని ఎట్లు పడినదో ఆలోచింపలేదు.

అంతలో వారి మందునకే కరవు వచ్చెను. హైడ్రాక్సీక్లోరోక్విన్ మలేరియాకు పేరొందిన మందు. లూపస్ రోగులకును, కీళ్లవాతపు రోగులకును దశాబ్దములుగా నిత్యౌషధము. 2020 మార్చిలో భారత వైద్య పరిశోధన మండలి, కోవిడ్ రోగులకు సేవ చేయు వైద్యసిబ్బందికిని, రోగుల ఇంటివారికిని దీనిని ముందు జాగ్రత్తగా సూచించెను. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ బాహాటముగా దీనిని పొగడుచుండెను. ఇక నేమి, అక్కరలేనివారును కొని బీరువాలలో దాచిరి. వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కేంద్ర ప్రభుత్వము మార్చి 26న కట్టుదిట్టము చేసెను గాని, ఏండ్ల తరబడి దానిపై ఆధారపడినవారు మందులంగళ్ల చుట్టు తిరుగవలసి వచ్చెను. జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరిశోధన, ఆసుపత్రులలోని కోవిడ్ రోగులకు ఈ మందు వలన మేలు లేదని తేల్చెను.

కమలాపురము వంటి ఊరినుండి చూచినచో ఈ చిక్కు మరింత స్పష్టము. ఇట్టి రోగమునకు నిపుణుని చూడగోరువారు కడపకు, అక్కడ కుదరనిచో తిరుపతికో, వేలూరికో, హైదరాబాదుకో పోవలెను. ఆ మార్చిలోనే ప్రయాణపు రైళ్లు నిలిచిపోయెను. పెద్దాసుపత్రులలో పెక్కింటిని కోవిడ్ చికిత్సకు కేటాయించిరి. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వము 14410 నంబరుతో ఫోను వైద్యమును ప్రారంభించెను. మంచి పనియే, కాదనము. కాని వాచిన కీలును ఫోను తడిమి చూడజాలదు. మందు కాలేయమును చెరచుచున్నదో లేదో తెలుపు రక్తపరీక్షను చేయజాలదు. తరువాత 2021 నవంబరు వరదలలో పాపాఘ్ని వంతెన కూలి, కడప దారియే తెగినది. కొద్ది వారములకే కోవిడ్ మూడవసారి విజృంభించినది.

టీకాల వరుసలోను ఇదే తంతు. 2021 మార్చి 1నుండి అరువది యేండ్లు నిండినవారికిని, నలుబదియైదు దాటి దీర్ఘరోగములున్నవారికిని టీకాలు ప్రారంభమయ్యెను. చిరకాలము స్టీరాయిడ్లు వాడువారిని ఆ జాబితాలో చేర్చుట మెచ్చదగినదే. అయితే లూపస్ హెచ్చుగా పట్టునది పడుచు వయసు స్త్రీలను. ముప్పది యేండ్ల యిల్లాలు అదే మాత్ర మ్రింగుచున్నను మే నెల వరకు ఆగవలసినదే. అప్పటికి రెండవ విజృంభణ పల్లెలను చుట్టుముట్టినది.

వీరి ఆందోళనను మనోదౌర్బల్యమని కొట్టివేయుట కంటె అన్యాయము లేదు. ధైర్యము చెప్పువారు వారికి కొరవడలేదు, మాత్రలు కొరవడినవి. మండలమున ఇట్టి రోగులెందరో, ఎవరికే మందు నిత్యావసరమో ప్రభుత్వాసుపత్రిలో వ్రాసియుంచవలెను. కరవు వచ్చినప్పుడు పాత చీటీ గలవారికి మొదట ఇచ్చి, మూడు నెలల మందును వారికొరకు వేరుగా తీసియుంచవలెను. ఇందులకు క్రొత్త భవనమక్కరలేదు. ఒక దస్త్రమును, తాళమున్న ఒక బీరువాయును చాలును.