నడుము కలుక్కుమందా?

మాచవరం వైపు మిరప కోతలంటే రోజంతా వంగి ఉండే పని. సాయంత్రం 40 కిలోల టిక్కీ ఎత్తబోతే నడుము కలుక్కుమంటుంది. ‘డిస్కు జారిందేమో’నని ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. చాలాసార్లు జరిగేది కండరం పట్టేయడమో, ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటు బెణకడమో. ఇవి ఎక్స్‌రేలో కనిపించవు. ఎక్కువమందికి కొద్ది వారాల్లోనే తగ్గిపోతాయి.

ఎదురుకాళ్లతో పుట్టినవారితో నడుము తన్నించుకోవడం మాత్రం వద్దు. గాయం ముదురుతుంది. ఒకటి రెండు రోజులు మించి మంచం పట్టకండి. బరువులు మానేసి, ఇంట్లోనే మెల్లగా నడవండి. కదలికే కండరానికి మందు. మొదట గుడ్డలో చుట్టిన ఐసు, రెండు రోజుల తర్వాత వేడినీళ్ల కాపడం పావుగంట చొప్పున పెడితే హాయిగా ఉంటుంది. నొప్పి మాత్రలు డాక్టరు చెబితేనే వాడాలి. సొంతంగా రోజుల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం వచ్చినా, కిందపడ్డాక నొప్పి మొదలైనా ఆలస్యం చేయొద్దు.

మళ్లీ పనిలోకి దిగాక నడుము వంచి కాదు, మోకాళ్లు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవండి. టిక్కీకి ఇద్దరు చెయ్యేస్తే మరీ మంచిది. ఒకపూట సాయం అడగడం, పదిరోజుల కూలి పోగొట్టుకోవడం కన్నా నయం కదా!