కమ్మరిపనా? అవును, కమ్మరిపనే!

ఉగాది సభలో పచ్చడి పంచుతూ ఉండగా మన సంఘంలోని పెద్దలొకరు మమ్మల్ని పక్కకు పిలిచి, "డాక్టరుగారూ, గరాజిలో ఏదో ఇంజను చేస్తున్నారటగా! ఇంత చదువు చదివి ఈ కమ్మరిపనేమిటండీ?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. మేమూ నవ్వాం. ఇంటికి వచ్చాక, నవ్వినందుకు సిగ్గుపడ్డాం.

అంతకు నెలరోజుల ముందు కమిటీవారికి ఒక మనవి పెట్టుకున్నాం. ఆదివారం తెలుగు బడి అయ్యాక హాలు వెనకగది రెండు గంటలు ఇప్పిస్తే, పన్నెండేళ్ళు దాటిన పిల్లలకు ఆకురాయి పట్టడం, రంపంతో ఇనుము కోయడం, సరిగ్గా గుర్తుపెట్టుకుని బెజ్జం వేయడం నేర్పుతామనీ, ఏడాది తిరిగేసరికి వాళ్ళ చేతులతోనే చిన్న ఇంజనొకటి తిరుగుతుందనీ రాశాం. ఖర్చు మాదేనని కూడా రాశాం. జవాబు రెండు వాక్యాల్లో వచ్చింది. పిల్లలకు దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది అన్నది మొదటిది. ఇది మన సంస్కృతికి సంబంధించిన విషయం కాదు అన్నది రెండోది. మొదటిదానికి మా దగ్గర జవాబుంది, వైద్యులుగానే చెబుతాం. రెండోదే మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

అసలు ఆ పనేమిటో తెలియకుండా తగువు పెట్టుకోవడం న్యాయం కాదు గనుక ముందు అది చెప్పాలి. ఈ ఇంగ్లండులో ఇంటి వెనక కొట్టంలో ఆవిరి ఇంజన్లు చేసుకోవడం పాత అలవాటు. 1898లో పర్సివల్ మార్షల్ అనే ఆయన ఇందుకోసం 'మోడల్ ఇంజనీర్' పత్రిక మొదలుపెట్టాడు. అదే ఏడు లండనులో ఈ పనివాళ్ళ సంఘమూ పుట్టింది. ఆ పత్రికలో దశాబ్దాల తరబడి ఎల్.బి.ఎస్.సి. అన్న కలంపేరుతో రాసినాయన రైలు ఇంజన్ల మీద ఒళ్ళు కాల్చుకున్న మనిషి. ఆ అక్షరాలు ఆయన పనిచేసిన రైల్వే కంపెనీవి. బొమ్మంత ఇంజనులో నిజం బొగ్గు మండించి, దానిచేత మనుషుల్ని లాగించవచ్చునా అని 1920లలో పెద్ద వాదం నడిచింది. హెన్రీ గ్రీన్లీ వంటి పేరుమోసిన డిజైనరు ఒకవైపు, ఈ పనివాడు మరొకవైపు. 'బాయిలర్ల యుద్ధం' అనే దాన్ని పిలిచారు. రెండున్నర అంగుళాల పట్టాల మీద ఈయన ఇంజను బొగ్గు తిని మనుషుల్ని లాగింది. నెగ్గింది చేతిపని తెలిసినవాడు.

మేము పట్టుకున్నది రైలింజను కాదు, ట్రాక్షన్ ఇంజను. పట్టాలు అక్కరలేని ఇంజనన్నమాట. ఒకప్పుడు ఈ దేశపు పొలాల్లో నూర్పిడి యంత్రాలను తిప్పిందీ, బరువులు లాగిందీ అదే. దానికి జడిసి 1865లో చట్టం చేశారు. పల్లెలో గంటకు నాలుగు మైళ్ళు, పట్నంలో రెండు మైళ్ళు మించకూడదు, అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి! మన జిల్లాల్లో కంకర తొక్కిన బొగ్గు రోలరు దీని తోబుట్టువే. మా నాన్నగారు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి దాని వెనక రెండు మైళ్ళు నడిచారట. ఆ సంగతి మేము ఈ పని మొదలుపెట్టిన తరువాతనే చెప్పారు. అంతవరకు ఎందుకు చెప్పలేదో అడగలేదు.

మొదట స్టూవర్టు 10వి అనే నిలువు ఇంజను చేశాం. పోతపోసిన ముక్కలు పెట్టెలో వస్తాయి, మిగతాది మనమే. సిలిండరు బోలు ముప్పావు అంగుళం, పిస్టను నడకా ముప్పావు అంగుళమే. అరచేతిలో ఇమిడే ఈ వస్తువు మా అహంకారం అణచడానికి పద్నాలుగు నెలలు తీసుకుంది. తరువాత ఎల్.సి. మేసన్ గీసిన 'మిన్నీ' చేతికెత్తుకున్నాం. అసలు ఇంజనులో అడుగుకు ఇందులో అంగుళం.

దాని బాయిలరు రాగిది. రాగి రేకును అచ్చుమీద పెట్టి సుత్తితో అంచులు మడవాలి. నాలుగు దెబ్బలకే రాగి బిరుసెక్కి మాట వినదు. మళ్ళీ మందంగా ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చితే మెత్తబడుతుంది. మళ్ళీ కొట్టాలి, మళ్ళీ కాల్చాలి. ఒక్క పలకకు ఐదారుసార్లు. పుస్తకం చదివి, బొమ్మలు చూసి మేమిది నేర్చుకుంటుంటే, మన ఊళ్ళో బిందె కొట్టే కంచరి చేసిందీ ఇదేగదా అని ఒక రాత్రి హఠాత్తుగా తోచింది. చిన్నప్పుడు ఆ దెబ్బల చప్పుడు వినేవాళ్ళం. ఎందుకు అన్నిసార్లు నిప్పులో పెడుతున్నావని ఆయనను ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే ఒక వేసంగి సెలవులో తెలిసిపోయేది.

పలకలన్నీ వెండి మాటుతో అతకాలి. ఈ సంగతి ఫోనులో మా అమ్మగారికి చెబుతుంటే, "వెలిగారం వేస్తారా?" అని అడిగారు. మేము నిర్ఘాంతపోయాం. నోటిపూతకు మా అమ్మమ్మ రాసిన వెలిగారమే కంసాలి మాటు వేసేటప్పుడు అద్దేదనీ, ఇంగ్లీషువాడు బోరాక్స్ అనేదీ అదేననీ మాకు ముప్పై నాలుగో ఏట తెలిసింది. ఇప్పటి తక్కువ వేడి మాటుకు ఫ్లోరైడు కలిసిన పొడి వాడతారనుకోండి, తత్త్వం మాత్రం ఒకటే.

ఆకురాయి, పటకారు, దాగలి, తిత్తి, కొలిమి, బాడిస, చిత్రిక, మర, చీల, మాటు, పదును. ఇవన్నీ తెలుగుమాటలు కావా? మన తెలుగు బడిలో నాలుగేళ్ళుగా పద్యాలు వల్లెవేస్తున్న పిల్లల్లో ఒక్కరికి ఆకురాయి అంటే తెలుసునేమో అడిగి చూడండి. పిల్లలదాకా ఎందుకు, పాఠం చెప్పే మనల్ని మనమే అడుగుదాం. ఒక చెయ్యి పని మానేస్తే దాని వెంట ఉన్న మాటలు కూడా పోతాయి. పోయిన మాటలను ఏ సాంస్కృతిక సభా తిరిగి తేలేదు. ఇక సంస్కృతికి సంబంధం లేదన్న వాక్యం ఎవరికి వర్తిస్తుందో కమిటీవారే తేల్చాలి.

అసలు కోపం చెప్పేస్తాం. 'కమ్మరిపని' అన్నది మనవాళ్ళ నోట తిట్టుగా వస్తోంది. ఇనుము కమ్మరి, కర్ర వడ్రంగి, కంచు కంచరి, రాయి శిల్పి, బంగారం కంసాలి. ఈ ఐదుగురు లేకపోతే నాగలి లేదు, తలుపు లేదు, చెంబు లేదు, గుడి లేదు, తాళిబొట్టు లేదు. అయినా వాళ్ళను ఊరి చివర నిలబెట్టి మాట్లాడిన ఇళ్ళనుంచే మనలో చాలామంది వచ్చాం. మేమూ అటువంటి ఇంట్లోనే పుట్టాం; కొలిమి దగ్గర ఆడినందుకు కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మన్నారు. సముద్రాలు దాటి వచ్చి పాస్‌పోర్టులు మార్చుకున్నా ఆ కాళ్ళు కడుక్కోవడం మాత్రం మారలేదు.

మన వేదికల మీద ఉపన్యాసాలు చూడండి. నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారనీ, ఇంగ్లీషులో 'వూట్జ్' అన్నది మన ఉక్కేననీ చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాం. చప్పట్లు కొట్టిన వాళ్ళ గరాజీల్లో ఒక్క ఇనుప రంపం ఉండదు. మన ఇళ్ళ అద్దాల బీరువాల్లో ఏటికొప్పాక లక్కబొమ్మలున్నాయి. అంకుడు కర్రను తరిమెన మీద తిప్పి, తిరుగుతుండగానే లక్క అద్ది చేసిన వస్తువులవి. తరిమెన అంటే లేతు, మా గరాజిలో ఉన్నదీ అదే. బొమ్మ బీరువాలో ఉండవచ్చు, తరిమెన ఇంట్లో ఉండకూడదా? దసరాకు ఆయుధపూజ చేస్తాం. పోయినేడు మనం పూజించిన ఆయుధాలు కారు తాళాలు, రెండు స్టెతస్కోపులు, ఒక లాప్‌టాపు. కుంకుమబొట్టు పెట్టడానికి ఒక సుత్తి దొరకలేదు!

ఇంగ్లీషువాడి వ్యామోహం అంటారా? ఆ మాటా విన్నాం. రైలును వాడు మన మేలుకోసం వేయలేదని మాకూ తెలుసు. కాని 1893నుంచీ లాలాగూడ వర్కుషాపులో ఇనుము సానపట్టిన చేతులు ఎవరివి? దొర గీసిన గీతను లోహంలోకి దింపింది మనవాళ్ళే. వాళ్ళను మరిచిపోయి దొర పేరొక్కటే గుర్తుపెట్టుకోవడం కదా వ్యామోహం!

ఇక దెబ్బల సంగతి. ప్రమాదం లేదని మేము అనం, అన్నవాణ్ణి నమ్మకండి. పాత పుస్తకాల్లో మెచ్చుకున్న వెండి మాటులో కాడ్మియం నాలుగోవంతు ఉండేది. దాన్ని అతిగా కాల్చితే వచ్చే పొగ పీల్చినవాడికి అప్పటికప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటలు గడిచాక జలుబు జ్వరంలా మొదలై, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. ఐరోపాలో 2011లో దాన్ని నిషేధించారు, అయినా పాత గరాజీల సొరుగుల్లో ఆ కడ్డీలు ఇంకా దొరుకుతాయి. అదే పుస్తకాలు పిస్టను చుట్టూ ఆస్బెస్టాసు తాడు చుట్టమంటాయి. ఈ దేశంలో చివరి రకం ఆస్బెస్టాసు కూడా 1999లో నిషేధమైంది. ఆ పీచు పీల్చిన ముప్పై నలభై ఏళ్ళకు వచ్చే కాన్సరును మేము వార్డుల్లో చూశాం. కనుక పాత పుస్తకాన్ని వేదంలా చదవకూడదు, ఈనాటి కళ్ళతో చదవాలి. దానికే ఒక డాక్టరు ఆ గదిలో ఉండడం మంచిదని మా మనవి!

బాయిలరు సంగతికి వస్తే, 80 పౌండ్ల ఒత్తిడి దగ్గర నీరు 100 డిగ్రీలకు కాదు, సుమారు 162 డిగ్రీలకు మరుగుతుంది. అందుకే నిప్పు పెట్టకముందు చల్లనీళ్ళతో నింపి, పనిచేసే ఒత్తిడికి రెండింతలు, అంటే 160 పౌండ్లు ఎక్కించి చూస్తారు. నీరు నొక్కుకుపోదు గనుక ఎక్కడైనా పగిలితే చుక్క కారి ఊరుకుంటుంది. గాలితో పరీక్షిస్తే తుపాకి అవుతుంది. మా క్లబ్బులో ఈ పరీక్ష చేసేది రిటైరయిన బస్సు డ్రైవరు. మా బాయిలరు మీద 140 దగ్గర నిప్పు ద్వారం పక్కన సూదిమొనంత చోట చెమట పట్టింది. ఆయన వేలితో చూపించి, పంపు దించి, "ఇంటికి తీసుకెళ్ళండి డాక్టర్" అన్నాడు. అంతే. మూడునెలల పని. మేము వాదించలేదు, వాదించడానికేముంది? రెండోసారి 160 దగ్గర అరగంట నిలిచింది. మన సంఘంలో ఒక బస్సు డ్రైవరు ఒక డాక్టరుకు 'ఇది తప్పు' అని చెప్పి, ఆ డాక్టరు తలవంచుకుని ఇంటికి పోయే సందర్భం ఎప్పుడైనా వచ్చిందా? వస్తుందా?

ఇదంతా పెద్దల వ్యవహారం. పిల్లలకు బాయిలరు లేదు, మాటు లేదు, నిప్పు అసలే లేదు. వాళ్ళ చిన్న ఇంజను పంపు గాలితో తిరుగుతుంది. ఆకురాయికి వేలు గీరుకుపోతే కట్టు కట్టడానికి హాలులో ఎప్పుడూ కనీసం ఆరుగురు డాక్టర్లుంటారు. అంతమందిని ఈ ఊళ్ళో ఏ ఆటస్థలమూ ఇవ్వలేదు.

చదువు పాడవుతుందంటారు. మన పిల్లల్లో సగంమందిని మెడిసిన్ చదివించాలనేగా తాపత్రయం? 2018లో లండను ఇంపీరియల్ కాలేజీలో శస్త్రచికిత్స విద్య బోధించే ప్రొఫెసరు రోజర్ నీబోన్, కొత్తగా వచ్చే విద్యార్థులకు మార్కులున్నాయి గాని చేతుల్లో పనితనం తగ్గిపోయిందని, కుట్లు వేయడానికే తడబడుతున్నారని బాహాటంగా చెప్పాడు. చిన్నప్పటినుంచి చేతులతో పనిచేయకపోవడమే కారణమన్నాడు. పెద్దలు ఇంతకన్నా ఏ సర్టిఫికెట్టు అడుగుతారు? అయితే, నిజం చెప్పాలంటే, ఈ వాదం మాకే అంతగా నచ్చదు. ఆకురాయి కూడా మెడికల్ సీటుకు మెట్టు అయితేనే పట్టిస్తామన్నట్టుంటుంది. గెలవడానికి వాడుకున్నాం, అంతే.

ఖర్చంటారా, మా లేతు మైఫర్డు ఎం.ఎల్.7. నాటింగాం దగ్గర బీస్టనులో చేసేవారు. ఆ పాత కంపెనీ 2011లో మూతపడింది. చనిపోయిన ఒక ముసలాయన కొట్టంలోంచి కొన్నాం. ఆయన కొడుకులకు దాని పేరు కూడా తెలియదు, పాత ఇనుముకు అమ్మబోతున్నారు. ఈ జబ్బు మనకొక్కరికే లేదని అప్పుడు తెలిసింది. దాని ధర మనలో చాలామంది ఒక్క పుట్టినరోజు విందుకు పెట్టేదానికంటే తక్కువే.

వచ్చేనెల సర్వసభ్య సమావేశంలో ఈ మనవి మళ్ళీ పెడతాం. కాదంటే మరుసటి ఏడు పెడతాం. ఈలోగా మా గరాజి ప్రతి ఆదివారం ఉదయం పదింటికి తీసి ఉంటుంది. పిల్లలతో పాటు పెద్దలూ రావచ్చు. ఉగాదినాడు మమ్మల్ని అడిగిన పెద్దలు తప్పక రావాలి, కాఫీ మా ఇంట్లోనే. చొక్కా చేతులు పైకి మడవాలి. పొడుగు జుట్టు ముడివేసుకోవాలి. ఉంగరాలూ, మెడలో గొలుసులూ, కండువాలూ తీసి ఇంట్లో పెట్టి రావాలి. లేతు తిరుగుతున్నప్పుడు వేలాడేది ఏదైనా లాక్కుంటుంది, అది ఎవరిదని చూడదు.