అంగుళం కిటికీ

అనువాదకుని పాపాలు అచ్చులో బయటపడతాయి. కొన్నేళ్ళ క్రితం ఒక ఛాయాగ్రాహకుని స్వీయచరిత్రను ఆంగ్లం నుండి తెనిగించాను. అందులో ఆయన తన చీకటిగదిని వర్ణిస్తూ, బల్లమీద నెగెటివుల ప్రక్కన ఉన్న సామగ్రిని వరుసగా చెబుతాడు. ఆ వరుసలో ఒకటి ‘లినెన్ టెస్టర్’. నారబట్ట అంటే తెలుసు, పరీక్షించడం అంటే తెలుసు, ఇంకేమి కావాలి? రెండింటినీ ముడివేసి, బల్లమీద నారబట్టల పరీక్షకుడు కూర్చుని ఉన్నాడని ధీమాగా వ్రాశాను. పుస్తకం వెలువడినది. చీకటిగదిలో, నెగెటివుల నడుమ, బల్లనెక్కి కూర్చున్న ఆ పెద్దమనిషి ఎవరని ఒక పాఠకుడు ఎంతో మర్యాదగా ఉత్తరం వ్రాసి అడిగాడు. ఆయనకు ఇవ్వవలసిన సమాధానం నాకు భేస్తాన్‌లో దొరికినది.

భేస్తాన్ సూరత్‌కు దక్షిణాన, బొంబాయి వెళ్ళే రైలుదారిలో ఉధనాకు, సచిన్‌కు నడుమ వచ్చే స్టేషను. ఒకప్పుడు పల్లె, నేడు మరమగ్గాల చప్పుడులో మునిగిన శివారు. తెలంగాణా పద్మశాలీలు బ్రతుకుతెరువు వెదుకుకుంటూ షోలాపూరుకు, భివండీకి, బొంబాయికి వెళ్ళినట్లే సూరత్‌కూ వెళ్ళారు. వారిలో మా మేనమామ ఒకడు. సిరిసిల్లలో నేర్చిన మగ్గం పనిని నమ్ముకుని, ఇరవై ఏళ్ళ వయసులో బయలుదేరి వెళ్ళినవాడు అక్కడే ఉండిపోయాడు. వారింట పెళ్ళికని నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్లు నుండి నేను వెళ్ళాను. పెళ్ళిపత్రిక చేతికిచ్చి చదవమన్నారు. పత్రికను చేతులు చాలినంత దూరం జరిపి, మళ్ళీ దగ్గరకు తెచ్చి, జేబులో కళ్ళజోడుకోసం తడుముకుంటున్న నన్ను చూచి మామ నవ్వాడు.

“చత్వారమొచ్చిందా అల్లుడా? ఆగు.”

చత్వారం అన్న మాట ఎంత నిర్దాక్షిణ్యమైనదో చూడండి. సంస్కృతంలో నలుబదికి చత్వారింశత్ అని పేరు. మన భాష ఆ వయసు లెక్కనే జబ్బుకు పేరుగా పెట్టి ఊరుకున్నది. వైద్యుని అవసరం లేకుండానే రోగనిర్ణయం జరిగిపోయినది!

మామ లోపలినుండి ఒక ఇత్తడి వస్తువు తెచ్చాడు. అగ్గిపెట్టెకంటే కాస్త వెడల్పు, అంతకంటే పలుచన. బొటనవ్రేలితో అంచు నెత్తగానే అది మూడు రేకులుగా విచ్చుకుని, చిన్న పీటవలె నిలబడినది. అడుగు రేకులో చదరపు కిటికీ. పై రేకులో గుండ్రని కటకం. రెండింటినీ కలుపుతూ నిలువు రేకు. దాన్ని పెళ్ళిపత్రికమీద నిలిపి, “కండ్లద్దాలు తీసి చూడు. కన్ను దగ్గరికి తే” అన్నాడు. చూచాను. నా కన్ను ఏ శ్రమా పడలేదు. అక్షరాలేకాక, అక్షరాల అంచున కాగితపు పీచులోకి సిరా ప్రాకిన తీరు కూడ కనబడినది.

“ఏమిటి మామా ఇది?”

“గిదా? పిక్ గ్లాసు. బట్టల పోగులు లెక్కపెట్టేది.”

నా నారబట్టల పరీక్షకుడు మామ అరచేతిలో ఉన్నాడు. ఆంగ్లేయులు దానికి పెట్టిన పేరే నన్ను ముంచినది. జర్మనులు ‘ఫాడెన్‌ట్సేలర్’ అంటారు, ఫ్రెంచివారు ‘కోంత్-ఫీల్’ అంటారు. రెండింటికీ పోగుల లెక్క అనే అర్థం. ఏ ఫ్రెంచి పుస్తకమో అనువదించి ఉంటే నా పరువు దక్కేది.

చదువరులకు దీని కీలకం చెప్పాలి. అది చాల సులభం. కుంభాకార కటకానికి ఒక నాభ్యంతరం ఉంటుంది. నిలువు రేకు ఎత్తు సరిగ్గా దానికి తగినట్లు ఉంటుంది గనుక, రేకులు విప్పి వస్తువుమీద నిలిపితే చాలు, దృష్టి కుదిరిపోతుంది. చేతితో ముందుకూ వెనుకకూ జరుపుకోనక్కరలేదు. మామూలు కంటికి స్పష్టంగా చూడగల దూరాన్ని 25 సెంటీమీటర్లుగా లెక్కిస్తారు. నాభ్యంతరం 5 సెంటీమీటర్లయితే వస్తువు 5 రెట్లు, రెండున్నర సెంటీమీటర్లయితే 10 రెట్లు పెద్దదై కనబడుతుంది. ఇక చత్వారం సంగతి. దగ్గరి వస్తువును చూడవలసినప్పుడు కంటిలోని కటకం ఉబ్బాలి. వయసుతో అది బిరుసెక్కి ఉబ్బడం మానుకుంటుంది. ఈ అద్దంలో నాభివద్ద ఉన్న వస్తువునుండి బయలుదేరిన కిరణాలు కటకం దాటేసరికి సమాంతరమవుతాయి, ఎక్కడో దూరపు కొండనుండి వచ్చినట్లు. కొండను చూడగలిగిన కన్ను పోగును చూస్తుంది. చదువుకునేందుకు మాత్రమే కళ్ళజోడు వాడేవారు దాన్ని తీసివేసి చూడవచ్చు. హ్రస్వదృష్టి గలవారు, కంటివంకర గలవారు ఉంచుకోవడమే మేలు.

బట్టల వ్యాపారానికి, కటకానికి చుట్టరికం పాతది. 1632లో హాలెండు దేశపు డెల్ఫ్ట్ నగరంలో పుట్టిన లీవెన్‌హుక్ పదహారేళ్ళ ప్రాయంలో ఆమ్‌స్టర్‌డామ్ బట్టల వర్తకునివద్ద పని నేర్చాడు. తరువాత సొంత ఊరిలో బట్టలకొట్టు పెట్టుకున్నాడు. నేతను పరీక్షించే కటకాలతోనే ఆయనకు ఆ వ్యామోహం మొదలయిందని చెబుతారు. 1673 నుండి లండన్ రాయల్ సొసైటీకి ఆయన వ్రాసిన లేఖలు, నీటిబొట్టులో సంచరించే సూక్ష్మజీవులను లోకానికి చూపాయి.

బట్టలవారి ఈ అద్దాన్ని ఛాయాగ్రాహకులు, ముద్రాపకులు, చిత్రకారులు ఎరువు తెచ్చుకుని తిరిగి ఇవ్వలేదు. రాజా దీన్‌దయాళ్ నిజాము కొలువులో చిత్రాలు తీసిన కాలపు పెద్దపెట్టె కెమెరాలలో, బొమ్మ వెనుకనున్న గరుకు అద్దంమీద తలక్రిందులుగా పడేది. ఛాయాగ్రాహకుడు నల్లగుడ్డ కప్పుకుని, ఆ మసక బొమ్మలో కనురెప్పల వెంట్రుకలు స్పష్టంగా నిలిచాయో లేదో చూచుకోవాలి. అటువంటి కెమెరాలను వాడేవారు నేటికీ గరుకు అద్దంమీద భూతద్దం పెట్టే చూస్తారు. తరువాత వచ్చిన 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కొక్క బొమ్మ ఎత్తు 24 మిల్లీమీటర్లు. అంగుళం కిటికీలో ఆ ఎత్తు చక్కగా ఇమిడిపోతుంది. ముద్రణాలయంలో దీనితో పని మరొక రకం. ఏదైనా పత్రికలోని రంగుల బొమ్మమీద ఈ అద్దం నిలపండి: ముఖం మాయమై నీలి, ఎర్ర, పసుపు, నలుపు చుక్కలు మిగులుతాయి. ఒక రంగు చుక్కలు తమ చోటు తప్పితే పెదవి చెంపమీదికి జరుగుతుంది. యంత్రం నిలిపి సరిచేయాలి. 1894లో బొంబాయిలో నెలకొల్పిన రవివర్మ ముద్రణాలయపు పాత దేవతాపటాలను పోల్చుకోవడానికి కూడ ఇది అక్కరకు వస్తుంది. రంగుకొక రాయి చొప్పున ముద్రించిన ఆ పటాలలో చుక్కలు చేతితో పెట్టినవి, ఒకదానికొకటి పోలవు. నేటి నకలులో చుక్కలు సైన్యంవలె వరుసకట్టి నిలుస్తాయి.

అయితే మామకు ఈ అద్దం బట్టలవారినుండి రాలేదు. ఆ కథ ఆయన పెళ్ళిపందిరి క్రింద, వంటవారి కేకల నడుమ చెప్పాడు.

1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలమంది సూరత్ విడిచి పోయి, మళ్ళీ తిరిగివచ్చిన తరువాతి రోజులవి. మామ ఒక సేఠ్ మరమగ్గాలమీద కూలికి నేస్తున్నాడు. కూలి మీటరు లెక్కన. అంగుళానికి 64 పేకపోగులు పడాలని బేరం. ఒకనాడు, బట్ట కొన్న వ్యాపారి 63 మాత్రమే ఉన్నాయని సరుకు ధరలో కోత పెట్టాడు. సేఠ్ ఆ కోతను మామ కూలిలోకి దించాడు. డబ్బుతో పోలేదు. మరమగ్గంలో పేక ఎంత దట్టంగా పడాలో పళ్ళచక్రం నిర్ణయిస్తుంది. చక్రం మారిస్తే పోగులు పలుచనై, మగ్గం అన్నే దెబ్బలు కొట్టినా బట్ట ఎక్కువ మీటర్లు వస్తుంది. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి లాభం. కనుక 63 అన్న అంకెకు అర్థం ఒక్కటే: నేతగాడు చక్రం మార్చి దొంగిలించాడు. “నువ్వు మార్చినవా లేదా, గంతే చెప్పుమన్నరు” అన్నాడు మామ. ఆ మాట చెప్పేటప్పుడు, ఇన్నేళ్ళ తరువాత కూడ, ఆయన నా వైపు చూడలేదు.

ఆ వీధిలో ఒక తెలుగు ఛాయాగ్రాహకుడు చిన్న స్టూడియో నడిపేవాడు. నెగెటివులు చూచుకునేందుకు ఆయనవద్ద మడత అద్దం ఉన్నది. మామ తాను నేసిన బట్టముక్కతో అక్కడికి పోయాడు. ఇద్దరూ సూదిమొనతో పోగు పోగు లెక్కించారు. 64 వచ్చినవి. మరొకచోట లెక్కించారు. 64.

మరునాడు మామ ఛాయాగ్రాహకుణ్ణి వెంటబెట్టుకుని వ్యాపారి దుకాణానికి వెళ్ళాడు. ఒకే బట్టమీద, ఒకే చోట వ్యాపారి తన అద్దంతో లెక్కించాడు: 63. స్టూడియో అద్దంతో మళ్ళీ లెక్కించాడు: 64. అప్పుడు ఛాయాగ్రాహకుడు, ఆ వృత్తివారికే తట్టే ఆలోచన కాబోలు, ఉక్కు స్కేలు తెప్పించి, వ్యాపారి అద్దపు అడుగు రేకును దానిమీద పరచి, ఆ రేకు అంచును తన అద్దంలోనుండి చూచాడు. కిటికీ 25 మిల్లీమీటర్లే ఉన్నది. అంగుళమంటే 25.4. తక్కువైన ఆ 0.4 మిల్లీమీటరు, 64 పోగుల బట్టలో సరిగ్గా ఒక పోగుకు, దాని ప్రక్కనున్న సందుకు పట్టే చోటు!

నేను కాగితం తీసికొని లెక్క వేశాను. 64ను 25.4తో భాగించి 25తో హెచ్చిస్తే 63కు వెంట్రుకవాసి తక్కువ. మామ ఆ లెక్క ఏనాడూ వేయలేదు, వేయవలసిన అవసరమూ ఆయనకు కలుగలేదు.

కోసిన కూలి తిరిగి వచ్చినది. ఎవరూ క్షమాపణ చెప్పలేదు. కొన్నాళ్ళకు మరొక యజమాని, లెక్క తెలిసిన మనిషి అని, మామను మగ్గంమీదినుండి దింపి బట్ట పరీక్షించే పనిలో పెట్టుకున్నాడు. డిజిటల్ కెమెరాలు వచ్చి స్టూడియో మూతపడిన రోజున ఛాయాగ్రాహకుడు ఈ ఇత్తడి అద్దాన్ని మామ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

పరీక్షకునిగా మామ నేర్చిన జాగ్రత్తలు కొన్ని ఉన్నవి. మగ్గంమీద బిగిసి ఉన్న బట్టను లెక్కించి తీర్పు చెప్పరాదు. మగ్గం దిగిన బట్ట కాస్త ముడుచుకుంటుంది, అంగుళానికి పోగులు పెరుగుతాయి. అద్దకం జరిగి వచ్చిన బట్ట లెక్క మళ్ళీ వేరు. ఎక్కడి లెక్కో ముందే ఒప్పుకోకుండా అంకెమీద తగవు పడేవారిని చూస్తే ఆయనకు విసుగు. అర అంగుళం కిటికీతో లెక్కించి రెట్టింపు చేయడం ఆయనకు అసలు గిట్టదు, పొరపాటు కూడ రెట్టింపవుతుంది గనుక. వెలుగు నెత్తిమీదినుండి కాక ప్రక్కనుండి పడాలి. అప్పుడే పోగుకూ పోగుకూ నడుమ నీడ నిలుస్తుంది. కొత్త అద్దం కొంటే ముందు దాని కిటికీని స్కేలుమీద పెట్టి చూడాలి. ఎక్కువ రెట్లు పెద్దదిగా చూపేదాన్ని ఎంచుకోవాలని నావంటివారికి ఆశ పుడుతుంది. పది రెట్ల అద్దంలో కనబడే మేర చిన్నదై, అంచుల వద్ద గీతలు వంగుతాయి. పోగులకు, నెగెటివులకు 5 రెట్లు చాలునని మామ, చుక్కలకైతే 10 కావాలని నాకు తెలిసిన ముద్రాపకుడు అంటారు.

తిరుగు ప్రయాణంనాడు మామ ఆ అద్దాన్ని నా సంచిలో వేశాడు. తనకు కంటిలో శుక్లాలు ముదిరాయని, శస్త్రచికిత్స అయ్యేవరకు ఎలాగూ పనికి పోవడం లేదని చెప్పాడు. “నువ్వు అక్షరాల మనిషివి. చిన్నచిన్నయి చూస్తవు. ఉంచుకో” అన్నాడు. ఊరికే ఇవ్వలేదు. ఒక బట్టముక్క తెచ్చి చాపమీద పరచి, “లెక్కపెట్టి చెప్పు” అన్నాడు. అద్దం నిలిపి, సూదిమొనతో ఒక్కొక్క పోగునూ దాటుతూ పోయాను. నలభై దాటేసరికి కన్ను తప్పినది. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి చివరిదాకా వచ్చి, 63 అన్నాను.

మామ బట్టను చూడలేదు. చూచినా ఆయనకు కనబడదు.

“మొదటి పోగు కిటికీ అంచుకింద దాక్కున్నది. అద్దం జరిపి మల్ల లెక్కపెట్టు” అన్నాడు.

బండికి ఇంకా రెండు గంటల వ్యవధి ఉన్నది. అద్దం జరిపి, మొదటి పోగుమీద సూదిమొన ఆనించాను.