పాత బండి, పెద్దల చెవి



మన పల్లెలలో పశువుల కొట్టముల వెనుక, వసారా మూలలలో, గోనెపట్టాలు కప్పుకొని పాత స్కూటర్లు ఎన్నో నిలిచి ఉన్నవి. వాటి సీటుమీద కోళ్ళు పడుకొనును, వైర్లను ఎలుకలు కొరుకును, సైలెన్సరు గొట్టములో కందిరీగలు గూడు కట్టును. పాత ఇనుము కొనేవాడు వీధిలోకి వచ్చినప్పుడల్లా "అది ఇచ్చేస్తే చోటైనా మిగులుతుంది గదా" అనే మాట ఇంట్లో వినబడును. ఇచ్చివేయక ముందు ఆ బండి ఎక్కడిదో, దానిని ఇంటివద్దనే ఎంతవరకు బాగుచేసుకొనవచ్చునో తెలుసుకొనుట మంచిది గనుక ఈ నెల ఆ సంగతి వ్రాయుచున్నాము.

ఇటలీలో పుట్టిన బండి

లాంబ్రెట్టా, లాంబీ, విజయ్ సూపర్ అని ఏ పేరు ఉన్నను వాటి పుట్టిల్లు ఒక్కటే. ఇటలీలోని మిలాను పట్టణములో లాంబ్రాటే అనే పేట ఉన్నది. అక్కడ ఫెర్డినాండో ఇన్నోచెంటి అనే ఆయనకు ఉక్కు గొట్టములు చేసే కర్మాగారము ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధములో బాంబులు పడి అది పాడైపోయినది. యుద్ధము ముగిసిన తరువాత జనులకు కార్లు కొనే శక్తి లేదు. అప్పుడు ఆయన తనకు తెలిసిన ఉక్కు గొట్టమునే వెన్నెముకగా పెట్టి స్కూటరు చేయించి 1947లో అమ్మకమునకు తెచ్చాడు. ఆ పేట పేరుమీదనే దానికి లాంబ్రెట్టా అని పేరు వచ్చినది.

మన దేశములో బొంబాయిలోని ఏ.పి.ఐ. కంపెనీ వారు 1950లలోనే ఈ బండ్లు చేయ మొదలుపెట్టిరి. 1971లో ఇటలీలో వీటి తయారీ ఆగిపోగా, 1972లో లక్నోలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ స్కూటర్స్ ఇండియా వారు ఆ యంత్రములను, నమూనా పటములను కొని తెచ్చుకొనిరి. 1975 నుండి మన దేశములో విజయ్ సూపర్ అని, విదేశములకు లాంబ్రెట్టా అని అమ్మిరి. మన హైదరాబాదు ఆల్విన్ వారి పుష్పక్ కూడా ఆ వంశములోనిదే. లక్నోలో స్కూటర్ల తయారీ 1997లో నిలిచిపోయినది. 2021లో ప్రభుత్వము ఆ సంస్థనే మూసివేయుటకు నిర్ణయించినది. కావున మీ కొట్టములో ఉన్నది ఇక కొత్తగా పుట్టని బండి.

బజాజ్ చేతక్ వంశము వేరు. అది వెస్పా నమూనా. దాని ఇంజను కుడి ప్రక్కన ఉండును. లాంబ్రెట్టా ఇంజను బండికి నడుమ పడుకొని ఉండును. ప్రక్క డోరు తీసి చూస్తే చిన్న పిల్లవాడైనా గుర్తుపట్టగలడు.

మా ఇంటి సంగతి

మా నాన్నగారు ఉపాధ్యాయులు. 1979లో విజయ్ సూపర్ కొన్నారు. స్కూటరు కావలెనంటే సంవత్సరముల తరబడి ఎదురుచూచిన దినములవి. ఏడు కిలోమీటర్ల దూరములోని బడికి, ఆదివారము ఆరాధనకు, కానుపునొప్పులు వచ్చిన పొరుగింటి కోడలిని ఆసుపత్రికి చేర్చుటకు అదే బండి. 2006లో పక్షవాతము వచ్చి ఆయన ఎడమ చేయి పడిపోయినది, మాట కూడ తడబడినది. ఈ బండికి క్లచ్చి, గేర్లు రెండును ఎడమచేతి పిడిలోనే ఉండును. ఆ దినముతో బండి కొట్టములోకి వెళ్ళినది. నాన్నగారు క్రమేణ మాటలు తగ్గించివేసిరి. అన్నము, మందులు, వార్తలు, అంతే.

గత వేసవిలో పట్టణమునుండి ఒకాయన వచ్చి, బండిని ఉన్నది ఉన్నట్టుగా ఇరవై ఐదు వేలకు అడిగాడు. మా పెద్దబ్బాయికి పాలిటెక్నిక్ ఫీజు కట్టవలసిన నెల అది. అబ్బాయికి మాత్రము అమ్ముట ఇష్టము లేదు, తానే బాగుచేస్తానన్నాడు. ఇంట్లో రెండు మాటలు వచ్చినవి. చివరకు నాన్నగారిని అడిగితిమి. ఆయన చాలాసేపటికి, "అమ్మితే అమ్మండి. ఆగిపోయిన బండిగా మాత్రం అమ్మకండి" అన్నారు. కొన్నాళ్ళు ఆగమని కొనేవారికి కబురు చేసితిమి.

విప్పే పద్ధతి

మొదటి నియమము, కిక్కు కొట్టకూడదు. సంవత్సరముల తరబడి ఆగిన ఇంజనులో పిస్టను రింగులు బోరుకు పట్టుకొని ఉండును. బలవంతముగా కొడితే రింగులు విరుగును, బోరు గీసుకొనును. ప్లగ్గు తీసి ఆ రంధ్రములో డీజిలు, ఇంజనాయిలు కలిపి కొంచెము పోసి వారము దినములు వదలివేసితిమి. తరువాత మాగ్నెట్టు చక్రమును చేతితో ఇటు కొంచెము, అటు కొంచెము తిప్పగా ఎనిమిదవ దినమున వదలినది.

రెండవది చక్రముల సంగతి. ఈ బండ్ల రిమ్ము రెండు ముక్కలుగా ఉండి నట్లతో కలిసి ఉండును. చక్రమును బండికి బిగించే నట్లు వేరు, రిమ్ము ముక్కలను కలిపే నట్లు వేరు. ట్యూబులో గాలి ఉండగా రెండవ రకము నట్లు విప్పితే రిమ్ము ఎగిరి ముఖమునకు తగులును. ముందు వాల్వు తీసి గాలి పూర్తిగా వదలవలెను. అలాగే బ్రేకు డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదరాదు. పాత బ్రేకు షూలలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పాతిపెట్టవలెను.

మూడవది త్రుప్పు. చెరకు మండే ప్రాంతముల వారికి సులభమైన మందు మొలాసిస్, అనగా చెరకు మడ్డి. ఒక పాలు మడ్డికి తొమ్మిది పాళ్ళు నీరు కలిపి, త్రుప్పు పట్టిన ఇనుప భాగములను అందులో ఒకటి రెండు వారములు నాననివ్వవలెను. కడిగితే త్రుప్పు విడిపోయి ఇనుము బయటపడును. అల్యూమినియం భాగములను మాత్రము అందులో వేయరాదు, అవి తినివేయబడును. తొట్టిపై మూత ఉంచవలెను, పశువులు తాగగలవు. పెట్రోలు ట్యాంకులోని త్రుప్పుకు సబ్బునీరు, గుప్పెడు చిన్న గులకరాళ్ళు వేసి ఊపి, పలుమార్లు కడిగి ఎండబెట్టితే చాలా వరకు పోవును. ఎంత ఖాళీగా కనబడినను పాత ట్యాంకు దగ్గర వెల్డింగు పెట్టనీయకూడదు. లోపలి ఆవిరి పేలిపోవును.

నాలుగవది రంగు. బండి అంతటికీ మెరిసే రంగు వేయించవలెనని అందరికీ అనిపించును. బ్రతికి ఉన్న పాత రంగును ఉండనిచ్చి, త్రుప్పు తిన్న చోట మాత్రమే వేయుట మేలు. పాత రంగు పోతే బండి అసలు స్వరూపము పోవును. ముఖ్యముగా ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఉన్నచోట రుద్దరాదు, దట్టముగా రంగు పూయరాదు.

చెవి చెప్పిన మాట

కార్బొరేటరు కడిగి, పాయింట్లు శుభ్రము చేసి, కొత్త ప్లగ్గు పెట్టి, ఇంజను లోపలి స్థితి తెలియుటకు ఒక సాయంకాలము పరీక్షగా స్టార్టు చేసితిమి. ఐదవ కిక్కుకు అందుకొన్నది. ఇరుగుపొరుగు పిల్లలు కేకలు వేసిరి. యాక్సిలేటరు ముట్టకపోయినను ఇంజను తనంతట తానే రయ్యిమని వేగము పెంచుకొనుచున్నది. "చూడు తాతయ్యా, ఎంత హుషారుగా ఉందో!" అని మా అబ్బాయి సంతోషపడినాడు.

నాన్నగారు మంచముమీద నుండి కుడిచేయి ఎత్తిరి. "ఒరేయ్, ఆపు. అది హుషారు కాదు. గాలి పీలుస్తోంది. మాగ్నెట్ వైపు సీలు పోయింది."

ఆ మాట అక్షరాలా నిజము. రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలు, ఆయిలు, గాలి కలిసి ముందు క్రాంకు గదిలోకి వచ్చి, అక్కడినుండి బోరులోకి పోవును. క్రాంకుకు ఇరువైపుల రబ్బరు సీళ్ళు ఉండును. ఏండ్లు గడిస్తే రబ్బరు గట్టిపడి పగులును. మాగ్నెట్టు వైపు సీలు పాడైతే బయటి గాలి లోనికి వచ్చి మిశ్రమము పలచబడును. ఇంజను వేగముగా తిరుగును, వేడెక్కును, ఆయిలు చాలక పిస్టను పట్టివేయును. రోడ్డుమీద వేగముగా పోవుచుండగా ఇది జరిగితే వెనుక చక్రము ఆగిపోయి మనిషి పడును. రెండవ వైపు సీలు పోతే గేరుబాక్సు ఆయిలును పీల్చి తెల్లని పొగ దట్టముగా వచ్చును. మా బండిలో సుత్తి వాడక పుల్లరుతో మాగ్నెట్టు తీయగా, నాన్నగారు చెప్పిన సీలే చీలి ఉన్నది. రెండు వైపులా కొత్తవి వేయించితిమి.

ఆ రాత్రి మొదలుకొని తాత, మనుమడు మాట్లాడుకొనుచున్నారు. లీటరు పెట్రోలుకు ఎంత ఆయిలు, గేర్లు కలవనప్పుడు కేబులు ఏ వైపు బిగించవలెను, వర్షములో ప్లగ్గు తడిస్తే ఏమి చేయవలెను అని. మాట తడబడినచోట నాన్నగారు కుడిచేతితో చూపించుచున్నారు. అబ్బాయి అవన్నీ నోటు పుస్తకములో వ్రాసికొనుచున్నాడు. ఇరవై సంవత్సరములుగా మంచముమీద ఈ విద్య అంతయు ఉన్నది, అడిగినవారు లేరు.

ఖర్చు మొత్తము పదకొండు వేల ఆరువందలు అయినది. ఫీజుకు చీటీని ముందుగా పాడుకొంటిమి, అందులో కొంత నష్టపోయితిమి. కొనేవారు మరల వచ్చి ధర పెంచిరి. "తాతగారు ఉన్నన్నాళ్ళు ఇవ్వము" అని అబ్బాయే చెప్పి పంపినాడు. తరువాతి సంగతి తరువాత చూచుకొందుము.

బండి నడచిన తరువాత

ఇప్పుడు బంకులలో వచ్చే పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాల్ ఉండుచున్నది. అది తేమను లాగును, పాత రబ్బరును, కార్కును చెరచును. కావున పెట్రోలు గొట్టము, వాషర్లు కొత్తవి వేయవలెను. నెల దినములు బండి వాడనప్పుడు ట్యాంకు, కార్బొరేటరు ఖాళీ చేయవలెను. రెండు స్ట్రోకుల ఆయిలు కలపకుండ ఒక్క గ్లాసు పెట్రోలైనా పోయరాదు.

కాగితముల విషయము. సొంత వాహనము రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగియును. అటుపిమ్మట రవాణా కార్యాలయములో బండిని చూపించి ఐదేసి సంవత్సరములకు పొడిగించుకొనవలెను. 2021లో వచ్చిన కేంద్ర నియమము ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, అసలు రూపము చెడని బండిని వింటేజ్ వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. అయితే అట్టి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసికొనిపోవచ్చునే గాని దినదినము వాడుకొనరాదు. రోజూ నడుపుకొనగోరువారు ఈ తేడా గమనించవలెను. ఆర్‌సి పుస్తకము కనబడకపోతే మరమ్మతుకు ముందే దానికొరకు ప్రయత్నించుడి. కాగితము లేని బండికి ఎంత ఖర్చుపెట్టినను రోడ్డుమీదికి తేలేము.

మీ ఇంట్లో ఇట్టి బండి ఉన్నయెడల ఉంచుకొందురో, అమ్ముదురో అది మీ ఇంటి పరిస్థితిని బట్టి ఉండును. అమ్ముట తప్పు కాదు. ఏది చేసినను, పానా పట్టుకొనక ముందు ఆ బండి నడిపిన పెద్దలు ఇంట్లో ఉంటే వారి మంచము దగ్గర కూర్చుండి అడుగుడి. పిల్లలచేత ఒక పుస్తకములో వ్రాయించుడి. సీళ్ళు, కేబుళ్ళు, బ్రేకు షూలు పట్టణములో ఇప్పటికిని దొరుకుచున్నవి. వారికి తెలిసినది మాత్రము వారివద్దనే దొరుకును.